ఎవరూ ఒప్పుకోని మేకులు

నేషనల్ పార్కుకి నగరం వైపున్న గేటు దగ్గర ఆమె పెళ్ళయిన కొత్తలో ఉద్యోగంలో చేరింది. జుట్టు నెరిసేదాకా అక్కడే ఉండిపోయింది. అందుకని అందరికీ గేటక్క అయింది. రేంజరు సారు దగ్గర్నుంచి, పొద్దున్నే నడకకి వచ్చే పెద్దమనుషుల దాకా అలాగే పిలిచేవాళ్ళు. ఇంట్లో మొగుడు కూడా సరదాకి ఒక్కోసారి "గేటక్కా, కాస్త మంచినీళ్ళు" అనేవాడు. ఆ రోజు ఆయన మంచినీళ్ళు ఆయనే తెచ్చుకోవాల్సి వచ్చేది.

గేటుకి ఇవతల బస్సులు, మందుల షాపులు, ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కినట్టు అపార్ట్‌మెంట్లు. అవతల మోకాలెత్తు గడ్డి, తుప్పలు, దూరంగా గుట్టలు. మధ్యలో ఇనప కంచె. ఐదో అంతస్తు బాల్కనీలో బట్టలారేసే ఆవిడకి జింకలు కనబడేవి. జింకలకి ఆ బట్టలు కనబడేవి. రెండు వైపులా అలవాటైపోయింది.

గేటక్క పనేమిటంటే లోపలికి వెళ్ళేవాళ్ళ సంచులు చూడడం, అగ్గిపెట్టెలూ ప్లాస్టిక్ సీసాలూ తీసి పక్కన పెట్టించడం, కుక్కల్ని వెనక్కి పంపడం, ఎండ ఎక్కాక కంచె వెంబడి నడిచి ఎక్కడ తెగిందో ఎక్కడ వంగిందో చూసి రావడం. చెప్పుకుంటే ఇంతే. కానీ దీనికోసం ఆమె మనుషుల ముఖాలు చదవడం నేర్చుకుంది. చదివిన ప్రతి ముఖంలోనూ ఏదో ఒక తప్పు కనబడేది.

మొదట్లో ఆమె అలా లేదు. చేరిన కొత్తలో ఒకాయన కళ్ళనీళ్ళు పెట్టుకుని వచ్చి, మా కుక్క కంచె సందులోంచి దూరిపోయిందమ్మా, ఒక్కసారి వెతుక్కుని వస్తాను అంటే, పాపం కదా అని లోపలికి వదిలింది. సాయంత్రానికి వాగు పక్కన జింకపిల్ల ఒకటి పీక చీలి పడి ఉంది. ఆ కుక్క తప్పిపోయింది కాదు, వేటకని ఆయనే వదిలింది. అప్పటి రేంజరు అందరి ముందూ ఆమెను నిలబెట్టి కడిగేశాడు. ఆ తర్వాత గేటక్క ఎవరి కన్నీళ్ళనీ చూసి కరగలేదు. కన్నీళ్ళు చూస్తే ముందు చేతుల్లో ఏముందో చూసేది.

రోజూ రెండు సంచులతో లోపలికి వెళ్ళి ఖాళీ సంచులతో బయటికి వచ్చే ఒక ముసలాయన మీద కూడా ఆమెకి అనుమానం వచ్చింది. వెనకే వెళ్ళి తుప్పల చాటునుంచి చూసింది. ఆయన చేతికర్రతో గుంతలు తవ్వి మామిడి టెంకలు పాతుతున్నాడు.

"పుణ్యం కదమ్మా" అన్నాడు ఆయన, దొరికిపోయి.

"మీ ఇంటి పెరట్లో చేసుకోండి పుణ్యం. ఇక్కడ గడ్డి ఉండాలి. తోట వేస్తే జింకలేం తింటాయి?" అని, పాతిన ప్రతి టెంకనీ ఆయన చేతే తవ్వించింది. తర్వాత ఇద్దరికీ స్నేహం కుదిరింది. అయినా ఆయన సంచి చూడడం మాత్రం మానలేదు.

ఆమె భర్త బస్సుల డిపోలో మెకానిక్కు. ఆమెకి పూర్తిగా తిరగేసిన మనిషి. ముక్కూ ముఖం తెలియనివాళ్ళకి గొడుగు ఇచ్చి, వాళ్ళే తెచ్చిస్తారులే అని తడుస్తూ ఇంటికి వచ్చేవాడు. "దేవుడు దిగివచ్చినా నువ్వు ముందు గుర్తింపు కార్డు అడుగుతావే" అనేవాడు పెళ్ళాంతో.

"మరి వచ్చింది దేవుడే అని నీకు ఎవరు చెప్పారు?" అనేది ఆమె.

వాళ్ళకి పిల్లలు లేరు. అత్తగారు పోయినప్పుడు మరిది బడికి వెళ్ళే పిల్లవాడు. వాడికి బూట్ల తాడు కట్టడం నేర్పింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది, పరీక్ష తప్పితే వాళ్ళన్న చెయ్యి పడకుండా అడ్డం నిలబడింది. పెద్దయ్యాక వాడికి పార్కులో పని దొరికింది. కంచెకి లోపలివైపు పొడుగునా వెడల్పాటి పట్టీలాగా గడ్డి కోసి నేల నున్నగా ఉంచుతారు. దాన్ని ఫైర్‌లైను అంటారు. అపార్ట్‌మెంట్ల వైపునుంచి ఎవడైనా సిగరెట్టు పీక విసిరితే మంట అడవిలోకి పాకకుండా అది ఆపుతుంది. ఆ గడ్డి కోసే కాంట్రాక్టు మరిదిది. కోత మిషను మీద కూర్చుని వెళ్తూ గేటు దగ్గరికి రాగానే "వదినా!" అని కేకేసి చెయ్యి ఊపేవాడు. పెళ్ళయ్యాక మేడమీద వాటాలో కాపురం. తోటికోడళ్ళిద్దరూ ఒకే పంపు దగ్గర నీళ్ళు పట్టుకుంటూ, ఒకరి కూర ఒకరు రుచి చూస్తూ, పెద్దగా గొడవల్లేకుండా కాలం గడుపుతున్నారు.

ఇలా ఉండగా పార్కుకి కొత్త ప్లాను రాసే సమయం వచ్చింది. కొన్నేళ్ళకోసారి రాస్తారు. మనుషులు ఎంతవరకు నడవొచ్చు, ఎక్కడ అడుగు పెట్టకూడదు, ఏ గడ్డి ఎప్పుడు కోయాలి, ఏ కుంటలో పూడిక తీయాలి, అన్నీ అందులో ఉంటాయి. దీనికోసం పై ఆఫీసు నుంచి ఒక మేడం వచ్చింది. రేంజరు గదిలో బల్ల నిండా మ్యాపు పరిచి, చుట్టుకుపోకుండా నాలుగు మూలలా టీ గ్లాసులు పెట్టి, గంటల తరబడి దాని మీద వంగి ఉండేది. అందర్నీ మీరు అని పిలిచేది. గేటక్కని అయితే "అక్కగారూ" అనేది.

ఆ 'గారూ' గేటక్కకి నచ్చలేదు. "పనున్నవాళ్ళకే అంత మర్యాద ఉంటుంది. ఏం పనో చూడాలి" అంది ఇంటికొచ్చి.

"మంచి మనిషేమో" అన్నాడు భర్త.

"నీకందరూ మంచివాళ్ళే."

ఒకరోజు ఎండ బాగా ఎక్కాక కంచె వెంబడి నడుస్తుంటే ఆమెకి గడ్డిలో ఏదో కాలికి తగిలింది. వంగి చూస్తే చెక్క మేకు. నేలలో దిగ్గొట్టి ఉంది, తల మీద ఎర్రరంగు. ఇంకొంచెం ముందుకి వెళ్తే ఇంకొకటి. ఫైర్‌లైను దాటి, పార్కు లోపలివైపు, బారులు తీరి గుట్ట మలుపు దాకా పోతున్నాయి. కంచెకీ మేకులకీ మధ్య నేల తక్కువేం కాదు. రెండు బస్సులు పక్కపక్కన పరిగెత్తినా ఇంకా చోటు మిగులుతుంది. గేటక్క అక్కడే నిలబడి, కంచె అవతలి అపార్ట్‌మెంట్లని, ఇవతలి మేకులని, మార్చి మార్చి చూసింది. ఎవడో కొత్త హద్దు గీశాడు. కంచెని లోపలికి జరపాలనుకునేవాడు తప్ప ఇంకెవడు గీస్తాడు?

తిన్నగా రేంజరు దగ్గరికి వెళ్ళింది.

"మేకులా? నేనేం పాతించలేదే" అన్నాడు ఆయన. నిజంగానే తెల్లబోయాడు. ఆ ముఖం గేటక్క నమ్మింది.

మేడం మ్యాపు మీదనుంచి తల ఎత్తింది. "మావి కావు అక్కగారూ" అని మళ్ళీ తల దించేసుకుంది. ఆమె చేతిలో పెన్సిలు మాత్రం కదలలేదు.

సాయంత్రం మరిది మెట్లెక్కుతుంటే ఆపింది. "ఒరేయ్, నీ ఫైర్‌లైను పక్కన ఎర్ర మేకులున్నాయి. చూశావా?"

"ఏ మేకులు?"

"రోజూ ఆ గడ్డి కోసేది నువ్వు. నాకు కనబడినవి నీకు కనబడలేదా?"

"చూసుకోలేదు వదినా. మిషను మీద ఉంటే కింద ఏం కనిపిస్తుంది" అన్నాడు. అంటూ చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. పెట్టుకునే లోపలే ఆమె చూసింది. వేళ్ళ గోళ్ళ సందుల్లో ఎరుపు.

"చేతికేమిట్రా?"

"మిషనుకి రంగేశాను."

కోత మిషను ఆకుపచ్చది. ఆ సంగతి వాడికీ తెలుసు, ఆమెకీ తెలుసు. వాడు గబగబా మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

ఆ రోజునుంచి గేటక్కకి అన్నం సయించలేదు. పరాయివాళ్ళని అనుమానించడం ఆమెకి ఊపిరి పీల్చడంలాంటిది. ఇంట్లోవాణ్ణి అనుమానించడం మాత్రం కంట్లో నలుసులా తిరిగింది. వాడు ఫోను మోగితే మెట్ల కిందికి వెళ్ళి మాట్లాడుతున్నాడు. పొద్దున్నే ముందులా కేకేయడం లేదు, గేటు దగ్గర తల వంచుకుని పోతున్నాడు. తోటికోడలు పంపు దగ్గర "ఈయనకి ఈమధ్య ఏదో పరధ్యానం అక్కా" అంటే, ఈమె కూడా అందులో ఉందా, లేక అమాయకంగా అంటోందా అని ఆ మాటని రోజంతా అటూ ఇటూ తిప్పి చూసింది.

తర్వాత ఒక మధ్యాహ్నం గుట్ట మీది నిఘా మంచె ఎక్కింది. పైనుంచి చూస్తే ఫైర్‌లైను పొడుగునా కనబడుతుంది. మరిది మిషను ఆపి కిందికి దిగాడు. అతని పక్కన ఇద్దరు కొత్త మనుషులు, పాలిష్ చేసిన బూట్లు. కంచె అవతల బోర్డు లేని తెల్ల కారు. మరిది చేతితో మలుపు వైపు చూపిస్తూ ఏదో చెబుతున్నాడు. వాళ్ళలో ఒకడు అతని భుజం తట్టాడు. ఆ తట్టడం గేటక్క కళ్ళారా చూసింది. మంచె కమ్మీ పట్టుకుని చాలాసేపు అక్కడే కూర్చుంది.

ఇంటికి వచ్చి భర్తకి చెప్పింది. ఆయన చేతులకున్న గ్రీజు తుడుచుకుంటూ విన్నాడు.

"వాణ్ణి కూర్చోబెట్టి మాట్లాడవే ముందు" అన్నాడు.

"అడిగాను. నీళ్ళు నమిలాడు."

"మళ్ళీ అడుగు. నేనడగనా?"

"నువ్వడిగితే వాడు ఏం చెబితే అది నమ్మి వస్తావు. పార్కు నేల అమ్ముకుతింటుంటే, నా మరిది కదా అని కళ్ళు మూసుకోనా? రేపు అందరూ నన్నే అంటారు, గేటు దగ్గర కూర్చుని ఇంటిదొంగని కాచింది అని."

మర్నాడు రేంజరు చెవిన వేసింది. మేకుల సంగతి, రంగు సంగతి, బూట్లవాళ్ళ సంగతి, అన్నీ. రేంజరు మరిదిని పిలిపించి ఎదురుగా నిలబెట్టి అడిగాడు. వాడు బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు. అవునని అనలేదు, కాదని అనలేదు. ఆ మౌనమే ఒప్పుకోలు అనుకున్నాడు రేంజరు. ఆ పూటే కాంట్రాక్టు రద్దు చేసి, మిషను తాళం తీసుకున్నాడు. మేడం ఆ సమయంలో పై ఆఫీసులో ఉంది. రెండ్రోజుల్లో తిరిగి వచ్చింది, విన్నది. ఒక్క మాట మాట్లాడలేదు.

ఇంట్లో పైవాటా మెట్ల తలుపు మూసుకుంది. తోటికోడలు పంపు దగ్గరికి రావడం మానేసి, వీధి చివరి కుళాయి నుంచి బిందెలు మోసుకునేది. మరిది ఎవరిదో సరుకుల వ్యాను నడపడానికి కుదిరాడు. పొద్దున్నే వ్యాను చప్పుడు, సాయంత్రం వ్యాను చప్పుడు. అంతకు మించి పైనుంచి ఏ కబురూ లేదు. అన్నదమ్ములు మాత్రం వీధి మలుపులో టీ కొట్టు దగ్గర కలుసుకుంటున్నారని గేటక్కకి తెలుసు. భర్త చెప్పలేదు. ఆమె వెంట వెళ్ళి చూసింది.

కొన్ని వారాల తర్వాత పార్కు ప్లాను మీద ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. గేటు ఎదురుగా ఉన్న కమ్యూనిటీ హాల్లో కుర్చీలు వేశారు. అపార్ట్‌మెంట్లవాళ్ళు, నడకకి వచ్చేవాళ్ళు, పార్కు సిబ్బంది, టెంకల ముసలాయన కూడా వచ్చారు. గేటక్క గోడవారగా నిలబడి వచ్చినవాళ్ళ ముఖాలు చూస్తోంది. మరిది అందరికన్నా ఆఖర్న వచ్చి తలుపు దగ్గరే ఆగిపోయాడు.

మేడం తెర మీద మ్యాపు చూపించింది. తడుముకోకుండా చెప్పింది. నగరం రోడ్డు వెడల్పు చేయాలి, తప్పదు. మొదట గుట్టల మధ్యలోంచి పార్కుని రెండు ముక్కలు చేస్తూ వేద్దామన్నారు. ఆమె ఒప్పుకోలేదు. చివరికి కుదిరిన బేరం ఇది: కంచె పక్కనున్న పట్టీ రోడ్డుకి పోతుంది. బదులుగా వాగు అవతల, ఇంతకన్నా చాలా పెద్ద నేల పార్కులో కలుస్తుంది. గడ్డి మైదానం, గుట్టలు అలాగే ఉంటాయి.

"కొత్త హద్దుకి సర్వే అయిపోయింది" అంటూ ఆమె కర్రతో తెర మీద ఒక గీత చూపించింది. "దాని పొడుగునా మేకులు కూడా మేమే పాతించాం."

గేటక్క తల తిప్పి తలుపు వైపు చూసింది. మరిది అప్పటికే లేడు.

మీటింగులో ఎవరేం అడిగారో, మేడం ఏం చెప్పిందో ఆమెకి ఎక్కలేదు. అందరూ వెళ్ళాక, కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేరుస్తున్న చప్పుడులో మేడం ఎదుట నిలబడింది.

"మావి కావన్నారు."

"అన్నాను" అంది మేడం. 'అక్కగారూ' అనలేదు. "ఆ సంగతి బయటికి పొక్కితే వాగవతలి నేలలో రాత్రికి రాత్రే షెడ్లు లేచేవి. నష్టపరిహారం కోసం మనుషులు దిగిపోయేవాళ్ళు. ఆ నేల మనకి వచ్చేదే కాదు. అందుకే సర్వేవాళ్ళకి సాయం చేయమని మీ మరిదినొక్కణ్ణే అడిగాను. ఎవరికీ చెప్పనని మాట తీసుకున్నాను. మీ పేరు చెప్పి మరీ, మీకు కూడా చెప్పొద్దన్నాను."

"నాకెందుకు చెప్పొద్దన్నారు?"

"మీరు ఊరుకుంటారా? గుట్టు కనబడితే తవ్వేదాకా నిద్రపోరు."

"సరే. వాడి పని తీసేశారు. అప్పుడైనా రేంజరుకి ఒక్క మాట చెప్పలేకపోయారా?"

మేడం మ్యాపు చుట్టడం మొదలుపెట్టింది. "చెప్పాల్సింది. సంతకాలు అయ్యేదాకా ఆగుదామనుకున్నాను. అతని కాంట్రాక్టు మళ్ళీ ఇప్పిస్తాను."

గేటక్క ఆమె ముఖంలోకి చూసింది. సిగ్గుపడుతున్నట్టే ఉంది. కానీ ఈ ముఖమే కదా ఆవేళ పెన్సిలు పట్టుకుని అబద్ధం చెప్పింది.

ఇంటికి వెళ్ళి చెప్పులు కూడా విడవకుండా పైవాటా మెట్లెక్కింది. తలుపు తోటికోడలు తీసింది. పక్కకి తప్పుకుంది, రమ్మనలేదు. మరిది కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు.

"తప్పు నాదేరా" అంది గేటక్క గుమ్మంలోనే. "నిన్ను అంత మాట అనకుండా ఉండాల్సింది."

"అడిగావుగా వదినా. నేనే అబద్ధం చెప్పాను."

"ఆవిడకి మాటిచ్చానని చెప్పొచ్చుగా? విషయం చెప్పక్కర్లేదు. మాటిచ్చాను, అడగొద్దు అంటే సరిపోయేది."

"అంటే ఊరుకునేదానివా?"

ఊరుకునేది కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

మరిది అడిగాడు. "ఇప్పుడు నన్ను నమ్మి వచ్చావా? లేక ఆవిడ చెప్పింది కాబట్టి వచ్చావా?"

మామూలుగా అయితే ఇలాంటిచోట ఎవరైనా ఒక తియ్యటి అబద్ధం చెప్పి గట్టెక్కేస్తారు. గేటక్కకి అది చేతకాలేదు. "ఆవిడ చెప్పింది కాబట్టే" అంది.

మరిది నవ్వాడు. ఆ నవ్వు వినడం కన్నా వాడు నాలుగు తిట్లు తిడితే బాగుండేదనిపించింది ఆమెకి. తోటికోడలు లోపలికి వెళ్ళిపోయి గిన్నెలు ఎత్తెత్తి పెట్టడం మొదలుపెట్టింది. గేటక్క దిగి వచ్చేసింది. మెట్ల మధ్యలో కూర్చుని ఏడ్చింది. భర్త కిందినుంచి చూసి దగ్గరికి రాలేదు. ఆ మనిషికి ఎప్పుడు రాకూడదో తెలుసు.

కాంట్రాక్టు మళ్ళీ ఇస్తామని కబురు వచ్చింది. మరిది వద్దన్నాడు. "రోడ్డు కింద పోయే గడ్డి ఇంక కోసి ఏం లాభం?" అని వ్యానుతోనే ఉండిపోయాడు.

ఏడాది తిరక్కుండా కంచె లోపలికి జరిగింది, రోడ్డు పని మొదలైంది. గేటు కూడా వెనక్కి జరిగింది. గేటక్క మాత్రం తనని వాగవతలి కొత్త నేలకి మార్చమని రేంజరుని పట్టుబట్టింది. కారణం ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. కారణం అనుమానమే. తక్కువ తీసుకుని ఎక్కువ ఇచ్చేవాళ్ళని ఆమె ఇంతవరకు చూడలేదు. ఆ ఎక్కువలో ఏముందో చూడాలి.

వెళ్ళి చూస్తే పైపైన గడ్డి బాగానే ఉంది. గునపంతో రెండు పోట్లు పొడిస్తే కింద ఇటుక ముక్కలు, పెంకులు, విరిగిన సింకు. ఒకప్పుడు నగరంలో కూల్చిన ఇళ్ళ చెత్తంతా అక్కడ పోశారు. పరుగున వచ్చి మేడంకి చెప్పింది.

"తెలుసు" అంది మేడం. "మట్టి పరీక్షలు చేయించాం. తీయాల్సినచోట తీసి, మంచి మట్టి వేసి, గడ్డి నాటాలి. చాలా ఏళ్ళ పని. అయినా గుట్టల మధ్యలో రోడ్డు కన్నా నయం."

తెలిసే తీసుకుందన్నమాట. గేటక్కకి అందులో తప్పు దొరకలేదు. తప్పు దొరకనందుకు ఇంకా చిరాకేసింది.

తర్వాత వానలు తగ్గాక లారీలు రావడం మొదలైంది. మంచి మట్టి తెస్తున్నారన్నారు. కానీ లారీ గుంతలో పడ్డప్పుడల్లా ఆమెకి ఖణేలుమని చప్పుడు వినిపించేది. మట్టి అలా మోగదు. లారీలు ఎక్కడ నింపుకుని వస్తున్నాయో చూడాలంటే బండి కావాలి. భర్తకి నడకే వాహనం. ఆమెకి తెలిసిన బండి ఒక్కటే.

చాలా రోజులు తటపటాయించి, ఒక సెలవురోజు పొద్దున వ్యాను తుడుస్తున్న మరిది దగ్గరికి వెళ్ళింది. లారీల సంగతి చెప్పింది.

"మళ్ళీ అనుమానమా?" అన్నాడు వాడు, గుడ్డ పిండుతూ.

"మళ్ళీనే."

"ఈసారి ఎవరి మీద?"

"తెలీదు. అందుకే నువ్వు రావాలి. నాకైతే అందరూ దొంగల్లాగే కనబడతారు."

వాడు చాలాసేపు అద్దం తుడిచాడు. తర్వాత పక్క తలుపు తీసి "ఎక్కు" అన్నాడు.

లారీ వెనక వ్యాను. లారీ తిన్నగా రోడ్డు పని జరిగేచోటికే వెళ్ళింది. పాత రోడ్డు పగలగొట్టిన కాంక్రీటు ముక్కలు అడుగున నింపి, పైన పలచగా మట్టి కప్పి, మళ్ళీ వాగు దాటింది. నేల మీద కుమ్మరించే లోపల మరిది వ్యానుని అడ్డంగా పెట్టాడు. గేటక్క దిగి లారీ ముందు నిలబడింది.

"ఎవరు పోయమన్నారు?"

"మాకేం తెలుసమ్మా, పోయమన్నచోట పోస్తాం" అన్నాడు డ్రైవరు. "మేడం ఆర్డరేనంట. మా కాంట్రాక్టరు చెప్పాడు."

గేటక్క మరిది వైపు తిరిగింది. కళ్ళు మెరుస్తున్నాయి. "విన్నావా? నేను మొదట్నుంచీ అనుకుంటూనే ఉన్నాను. పద, పై ఆఫీసుకే పోదాం."

"ఆగు వదినా" అన్నాడు మరిది. "ముందు ఆవిడ్నే అడుగుదాం. మామూలుగా అడుగుదాం. నన్నడిగినట్టు కాదు."

ఆ చివరి మాట ఆమెకి తగిలింది. వెళ్ళి వ్యాను ఎక్కింది.

మేడంని తీసుకొచ్చారు. ఆమె ఇంటి చెప్పులతోనే దుమ్ములో నిలబడి లారీలోకి తొంగి చూసింది. మట్టిని చేత్తో తోసి, కాంక్రీటు ముక్కని ఎత్తి పట్టుకుంది. "నేను మట్టి తెమ్మన్నాను. ఇది కాదు" అంది. గొంతు వణికింది. అక్కడికక్కడే కాంట్రాక్టరుకి ఫోను చేసి, ఎప్పుడూ మీరు అనే మనిషి నువ్వు అని అరిచింది. పోసిన దాంట్లో చాలావరకు వాళ్ళే మళ్ళీ ఎత్తుకుపోయారు. కొంత అక్కడే ఉండిపోయింది.

మేడంకి ముందే తెలుసా, తెలియదా? గేటక్క ఎన్నోసార్లు ఆ దృశ్యాన్ని తలుచుకుని తేల్చుకోలేకపోయింది. గొంతు నిజంగానే వణికింది. కానీ లారీలు అన్నాళ్ళుగా వస్తుంటే ఒక్కసారైనా వచ్చి ఎందుకు చూడలేదు? మరిదిని అడిగితే "తెలియదనే అనుకుంటాను" అంటాడు. "అనుకుంటావు" అంటుంది ఆమె. అక్కడితో ఆగుతారు.

ఉద్యోగం అయిపోయేనాటికి కొత్త నేలలో సగం మీద గడ్డి నిలదొక్కుకుంది. వాగు దాటి జింకలు పొద్దుటిపూట అటు రావడం మొదలుపెట్టాయి, కానీ లారీల చెత్త మిగిలినచోట ఇప్పటికీ మేయవు. చివరి రోజున రేంజరు గదిలో చిన్న సభ చేశారు. మేడం పెద్ద హోదాలోకి వెళ్ళి కూడా దానికోసం వచ్చింది.

"ఇప్పటికైనా నన్ను నమ్ముతారా అక్కగారూ?" అంది నవ్వుతూ.

"మీరు చేసిన పని మంచిదే మేడం. మీరు చెప్పే మాట మాత్రం ఇంకొకళ్ళని అడిగి చూసుకుంటాను" అంది గేటక్క. అందరూ నవ్వారు. మేడం కూడా నవ్వింది, కొంచెం ఆలస్యంగా.

మరిది ఇప్పుడు ఎక్కడికి వెళ్ళినా కింద ఆగి చెప్పి మరీ వెళ్తాడు. "వదినా, టైరు మార్పించుకొస్తా. పాత టైరు తెచ్చి చూపించనా?" అంటాడు. మొదట్లో అది సూదిలా దిగేది. రోజులు గడిచేకొద్దీ అందులో కారం తగ్గిందో, తనకే అలవాటైందో ఆమెకే తెలియదు. తోటికోడలు మళ్ళీ కింది పంపు దగ్గరికే వస్తోంది. పలకరిస్తే జవాబిస్తుంది, బిందె నిండగానే వెళ్ళిపోతుంది. కూర గిన్నె మాత్రం ఇంతవరకు మెట్లు దిగి రాలేదు. "దాని కోపంలో న్యాయముంది" అంటుంది గేటక్క. ఈ ఒక్క విషయంలో ఆమెకి ఏ అనుమానమూ లేదు.